అమ్మమ్మ చిలకలు, నర్సమ్మ నెమళ్ళు

ఈ వేసవిలో ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామానంతా దించాం. అందులో మా అమ్మ వెంట వచ్చిన ట్రంకుపెట్టె ఒకటి. గొళ్ళెం తుప్పుపట్టి కదల్లేదు. మా ఆయన సుత్తితో రెండు దెబ్బలు వేస్తే గొళ్ళెం అలాగే ఉండి మూత ఊడి వచ్చింది. లోపల రెండు బొంతలు, పాత శుభలేఖల కట్ట ఒకటి, అన్నిటికీ అడుగున పంచె ముక్కలో చుట్టిన చిన్న మూట. మూట విప్పగానే కలరా ఉండల వాసన, దాని వెనకే ఇనుము వాసన.

అందులో మా అమ్మమ్మ చేతి లేసులు మూడున్నాయి. ఒకటి గుండ్రటిది, మా చిన్నప్పుడు రేడియో మీద కప్పి ఉండేది. రెండోది రెండంగుళాల అంచు. ఏదో దిండు గలీబుకు కుట్టి, గలీబు చిరిగాక ఊడదీసి దాచినట్టుంది. మూడోది గళ్ళ లేసు. మధ్యలో ఒక కుండ, కుండకు అటొకటి ఇటొకటి రెండు పక్షులు, నాలుగు మూలలా నాలుగు చిన్న గుర్తులు. వినాయక చవితికి పీట మీద పరిచేది ఈ గుడ్డే. పూజ అయ్యాక అమ్మమ్మే స్వయంగా ఉతికేది, మా చేతికి ఇచ్చేది కాదు.

నేను 34 ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, విజయనగరం కంటోన్మెంటులో విశ్రాంతిగా ఉంటున్నదాన్ని. విశ్రాంతి అని అనడమే గానీ, బస్సెక్కితే సీట్లూ, గుడికి వెళితే మెట్లూ లెక్కపెట్టే రోగం ఇంకా పోలేదు. కాబట్టి ఆ గళ్ళ లేసు చేతికి రాగానే మొదట చేసిన పని గళ్ళు లెక్కపెట్టడం. అడ్డంగా 61, నిలువుగా 45. మొత్తం 2745 గళ్ళు. 61 బేసి సంఖ్య. అంటే 31వ నిలువు వరుస సరిగ్గా కుండ నడుమ నుంచి వెళుతుంది, అటు ముప్ఫై, ఇటు ముప్ఫై. కుడి పక్షి ముక్కు మధ్యగీతకు ఎన్ని గళ్ళ దూరంలో ఉందో ఎడమ పక్షి ముక్కూ అన్ని గళ్ళ దూరంలోనే ఉంది. ఎక్కడా ఒక్క గడి తేడా లేదు. అమ్మమ్మ మూడో తరగతితో బడి మానేసిన మనిషి.

ఫోటో తీసి, బెంగళూరులో బట్టల డిజైను పని చేసే మా అక్క కూతురికి పంపాను. అరగంటలో ఒక పెద్ద పట్టిక పంపింది. గులాబీ అంటే ప్రేమ, ద్రాక్ష అంటే క్రీస్తు రక్తం, నెమలి అంటే అమరత్వం, దానిమ్మ అంటే సంతానం, అనాస అంటే అతిథి మర్యాద. కింద ఒక మాట: "పిన్నీ, ఇది మామూలు గుడ్డ కాదు, చదవడం వచ్చినవాళ్ళకు ఇదొక ఉత్తరం."

ఆ పట్టిక చూసి నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. ఎడమ వైపు బొమ్మ, కుడి వైపు అర్థం, జతపరచుము. ఇలాంటి ప్రశ్నలు నేనూ పిల్లలకు బోలెడు ఇచ్చాను, అందుకే వాటి మీద నాకు నమ్మకం తక్కువ.

రేడియో గుడ్డ సంగతే చూడండి. నడిమి చక్రం నుంచి ఆరు కాయలు బయటికి విచ్చుకుంటాయి. అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, ఒళ్ళంతా వలలాంటి గరుకు. లేసు అల్లేవాళ్ళు దీన్ని అనాస అంటారు. అనాస ఐరోపాకు తెలిసింది 1493లో. కొలంబస్ రెండో ప్రయాణంలో గ్వాడెలూప్ దీవిలో దాన్ని చూశాడు. ఆ చలిదేశాల్లో దాన్ని పండించడం ఎంత కష్టమంటే, 18వ శతాబ్దపు ఇంగ్లండులో విందుల బల్ల మీద పెట్టుకోవడానికి ఒక్క పూటకు అద్దెకు తెచ్చుకునేవారు. తినడానికి కాదు, చూపించడానికి! అలా అది గొప్పింటి గుర్తుగానూ, అతిథి మర్యాదకు గుర్తుగానూ మారి గేటు స్తంభాల మీదికి, మంచం కోళ్ళ మీదికి, చివరికి లేసులోకి ఎక్కింది.

మా ఇంట్లో మాత్రం ఆ గుడ్డ పేరు పనస గుడ్డ. మా ఊరు కవిటి పక్కన, ఉద్దానంలో. కొబ్బరి, జీడిమామిడి, పనస తప్ప వేరే లోకం లేని చోటు. ఆ కాయను చూసి ఉద్దానం మనిషి ఇంకేం అనుకుంటుంది? అమ్మమ్మ పొరపాటు పడిందని చాలా ఏళ్ళు నవ్వుకున్నాను. తర్వాత నిఘంటువు చూస్తే తెలుగులో ఆ పండు పేరే అనాసపనస. అనాస అనే మాట పోర్చుగీసుల ఓడ దిగి వచ్చింది, పనస మనది. కాబట్టి అమ్మమ్మ సగం పేరు వదిలేసిందంతే. ఇక అతిథి మర్యాద అంటారా, ఉద్దానంలో పెళ్ళి విందుకు పనస కూర లేకపోతే ఆ పెళ్ళి గురించి పదేళ్ళు చెప్పుకుంటారు. అర్థం అక్కడికే వచ్చి చేరింది, కాకపోతే వేరే దారిన వచ్చింది.

దిండు అంచు మీద ఉన్నది ద్రాక్షగుత్తి. ఆకు కూడా ద్రాక్షాకే, ఐదు కొసలతో. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే బల్లారాధనకు గుర్తుగా చర్చి బల్లల మీద పరిచే గుడ్డల అంచులకు ఈ గుత్తిని, గోధుమ కంకిని కలిపి అల్లేవారు. అమ్మమ్మ దాన్ని ఈత గెల అనేది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, చెదలు చాలావరకు తినేశాయి.

అసలు సంగతి గళ్ళ లేసుది.

దాన్ని ఎలా అల్లుతారో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. కొక్కెం సూదితో ముందు గొలుసు వేస్తారు. 61 గళ్ళు కావాలంటే గడికి మూడు చొప్పున 183, చివర గోడకు ఒకటి, మొత్తం 184 గొలుసులు. దాని మీద పొడుగు కుట్లు నిలబెడుతూ పోతారు. రెండు పొడుగు కుట్ల మధ్య రెండు గొలుసులు వదిలితే ఖాళీ గడి. ఆ ఖాళీలో ఇంకో రెండు పొడుగు కుట్లు వేస్తే నిండు గడి. అంతే. ఖాళీ, నిండు, ఖాళీ, నిండు. పక్షి అయినా, దేవుడైనా, అక్షరమైనా ఈ రెంటితోనే పుట్టాలి. చుక్కల ముగ్గు వేసేవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. పదిహేను చుక్కల ముగ్గుకు మధ్య చుక్క ఎక్కడో చూడకుండా చెప్పగల చేతికి 61లో 31 ఒక లెక్క కాదు.

ఈ గళ్ళ పద్ధతి చాలా పాతది. కొక్కెం సూది రాకముందు, ముడులు వేసిన వల మీద మామూలు సూదితో గళ్ళు నింపేవారు. ఫెదెరికో విన్చోలో అనే వెనిస్ వాడు 1587లో పారిస్‌లో నమూనాల పుస్తకం ఒకటి అచ్చు వేయించాడు. అందులో గళ్ళ బొమ్మలకు ఎన్ని గళ్ళు పడతాయో లెక్క కూడా ఇచ్చాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆయన మీద అభిమానం పుట్టింది. సింహమూ, నెమలీ, ఒంటికొమ్ము గుర్రమూ అన్నీ అంకెలతో సహా. చదువు రాని అమ్మాయి కూడా గళ్ళు లెక్కపెట్టుకుని సింహాన్ని దించగలదు. ఆ సింహానికి అర్థం ఏమిటో ఆ అమ్మాయికి తెలియాల్సిన అవసరం లేదు.

మా అక్క కూతురితో నా వాదన కూడా ఇదే. బొమ్మ వేరు, అర్థం వేరు. రెండూ ఒకే బండిలో ప్రయాణం చేయవు. అర్థం మధ్యలో ఏదో ఒక స్టేషనులో దిగిపోతుంది, బొమ్మ మాత్రం ముందుకు పోతుంది.

ఆంట్‌వెర్ప్ లేసులో దీనికి మంచి ఉదాహరణ ఉంది. కర్ర కండెలకు దారాలు చుట్టి, దిండు మీద గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య కండెలను అటూ ఇటూ మార్చుతూ అల్లే లేసు అది. దాన్ని కుండ లేసు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, ఎందుకంటే వరుసగా పూలకుండలే ఉంటాయి. దేవదూత వచ్చి మరియమ్మకు బిడ్డ పుడతాడని చెప్పే ఘట్టం ఉంది కదా, ఆ బొమ్మల్లో మరియమ్మ పక్కన లిల్లీ పూల కుండ ఒకటి ఉంటుంది, పవిత్రతకు గుర్తుగా. లేసులోని కుండ అక్కడి నుంచే వచ్చిందని అంటారు. లేసులోకి వచ్చేసరికి దేవదూత లేడు, మరియమ్మ లేదు. పోను పోను లిల్లీలు కూడా పోయి వేరే పూలు వచ్చాయి. నాటకం అయిపోయి పాత్రధారులంతా వెళ్ళిపోయాక రంగస్థలం మీద మిగిలిపోయిన కుండ అది. పుట్టింట్లోనే అర్థం ఇలా జారిపోతే, సముద్రాలు దాటి మా ప్రాంతపు సోంపేట వచ్చేసరికి ఏం మిగులుతుంది?

అలాగని అర్థాలన్నీ కట్టుకథలని నేను అనను. కొన్నిచోట్ల అర్థాన్ని కావాలనే పెట్టారు. వెనిస్ లేసుకు ఫ్రాన్సు డబ్బంతా పోతున్నదని 1665లో కోల్‌బేర్ అనే మంత్రి సొంతంగా లేసు కార్ఖానాలు పెట్టించాడు. సూర్యరాజునని చెప్పుకున్న పద్నాలుగో లూయీ కాలంలో సూర్యుడు లేసులోకి ఊరికే రాలేదు. (పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా అరసవల్లి మీదుగా వెళ్ళే మనిషిని, సూర్యుడు ఎవరి సొంతమూ కాదని నాకు తెలుసు, అది వేరే సంగతి.) 1840లో విక్టోరియా రాణి పెళ్ళికి డెవన్ ప్రాంతపు పల్లె ఆడవాళ్ళు అల్లిన హానిటన్ లేసు వాడారు. ఆ లేసు అల్లేవాళ్ళు ఇంగ్లండుకు గులాబీ, స్కాట్లండుకు ముళ్ళపువ్వు, ఐర్లండుకు మూడాకుల మొక్క వేసేవారు. అది జెండా లాంటిది, అందరికీ తెలిసేలా చెప్పడమే దాని పని.

నాకు బాగా నచ్చినది ఐర్లండు కథ. 1845లో బంగాళదుంపకు తెగులు తగిలి ఆ దేశం ఏళ్ళ తరబడి కరువుతో అల్లాడింది. అప్పుడు కన్యాస్త్రీలూ, దయగల పెద్దింటి ఆడవాళ్ళూ పేద పిల్లలకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పించారు. వెనిస్ సూది లేసును చూసి దానికి తేలిక నకలు. ఒకరు గులాబీ, ఒకరు ఆకు, ఒకరు ద్రాక్ష విడివిడిగా అల్లితే, ఇంకొకరు వాటిని వలతో అతికేవారు. కొన్ని కుటుంబాలు తమ పువ్వును ఎవరికీ నేర్పకుండా దాచుకునేవారట. అక్కడ గులాబీ అంటే ప్రేమ అని రాస్తే ఎలా? వాళ్ళకు గులాబీ అంటే ఆ వారం రొట్టె. మన నరసాపురం లేసులోనూ ఇదే ఏర్పాటు: పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని. పువ్వు అల్లిన మనిషి పూర్తయిన బల్లగుడ్డను చూడకపోవచ్చు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ పువ్వులను అల్లినవాళ్ళు తమలో తాము ఏ పేర్లతో పిలుచుకునేవారో ఎవరైనా కూర్చుని రాస్తే ఇంకా సంతోషిస్తాను.

మా అమ్మమ్మ పేర్లయితే నాకు తెలుసు. కుండ పూర్ణకుంభం. పక్షులు చిలకలు.

అవి చిలకలు కావు. తోక పొడవు తొమ్మిది గళ్ళు, నెత్తిన మూడు గళ్ళ కుచ్చు. నెమళ్ళే. పాత్రకు రెండు పక్కలా రెండు నెమళ్ళు నిలబడటం క్రైస్తవుల బొమ్మల్లో చాలా పాత సంగతి. నెమలి మాంసం కుళ్ళదని ఒకప్పుడు నమ్మేవారు. అయిదో శతాబ్దంలో ఆగస్టీను అనే పండితుడు, తాను కార్తేజిలో నెమలి మాంసం దాచి పెట్టించి చూశాననీ, ఏడాది గడిచినా ఎండిందే తప్ప కుళ్ళలేదనీ రాశాడు. అందువల్ల చావులేని ఆత్మకు నెమలి గుర్తయింది, పాత్రలోనిది జీవజలం. ఇక్కడ మా అక్క కూతురి పట్టిక తప్పు కాదు, ఒప్పుకుంటాను. ఆ బొమ్మ అమ్మమ్మకు అందింది కూడా మిషను నుంచే.

అమ్మ చెప్పగా విన్న కథ ఇది. అమ్మమ్మ అత్తగారికి కంట్లో శుక్లం వస్తే సోంపేటలో కెనడా మిషను వారి ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. తోడు ఉండటానికి కొత్త కోడలు వెళ్ళింది. కళ్ళకు కట్టు కట్టుకున్న అత్తగారి మంచం పక్కన ఊరికే కూర్చున్న పిల్లను చూసి, ఒక నర్సమ్మ కొక్కెం సూదీ, గళ్ళ కాగితమూ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆ నర్సమ్మ "పీకాక్" అంటే అమ్మమ్మ తలూపిందట. ఇంటికి వచ్చాక అత్తగారు కట్టు విప్పిన కళ్ళతో మొదట సగం అల్లిన ఆ గుడ్డనే దగ్గరగా పట్టుకుని చూసి, "చిలకలు బాగున్నాయి" అన్నదట. అంతే, అవి చిలకలైపోయాయి. అత్తగారికి చూపు వచ్చిందన్న సంబరంలో పక్షి జాతి మీద వాదన ఎవరు పెట్టుకుంటారు? పెళ్ళిపందిట్లో చిలకలుంటాయి, పూర్ణకుంభముంటుంది, కొత్త కోడలి చేతిపనికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ట్రంకుపెట్టె మేకు తగిలి కింది ఎడమ మూల తుప్పు మరక పడింది. తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టమని అమ్మ అనేది. మే నెల ఎండ, రెండు నిమ్మకాయలు, నా అతివిశ్వాసం. సాయంత్రం తీసి ఉతకబోతే మరక పోయింది, మరకతో పాటు తొమ్మిది గళ్ళు పోయాయి. తుప్పు అప్పటికే దారాన్ని తినేసి ఉంది, నేను సాగనంపానంతే. ఆ రాత్రి అన్నం సహించలేదు.

కొక్కెం సూదితో అల్లిన గుడ్డను ఊడదీయాలంటే ఆఖరి కుట్టు నుంచి వెనక్కి రావాలి. కింది మూలలో తొమ్మిది గళ్ళ కోసం మొత్తం గుడ్డ ఊడదీయలేను కదా. అందుకని తెగిన కొసలను ఒక్కొక్కటిగా పట్టుకుని, మామూలు సూదితో దారం సాగదీసి, దాని మీద పొడుగు కుట్లను పోలిన చుట్లు వేసి గళ్ళు కట్టాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. భూతద్దం, టేబుల్ లైటు, పక్కన మా ఆయన సలహాలు. దారం కొసలన్నిటినీ వెనక వైపుకు లాగి, కుట్ల లోపలికి దూర్చి దాచాను. ముందు వైపు నుంచి చూస్తే అతుకు ఎక్కడో నాకే తెలియకూడదని పట్టుదల.

అలా రోజుల తరబడి ముక్కు ఆనించి చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది దారం. కింది నుంచి 28వ వరుస దాకా మిల్లు దారం, గుండ్రంగా, నున్నగా, ఒకే లావు. 29వ వరుస నుంచి వేరే దారం. అక్కడక్కడ ఉబ్బి, అక్కడక్కడ సన్నబడి, కొంచెం మీగడ రంగులో ఉంది. వేలితో నిమిరితే తేడా కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. చేత్తో వడికిన నూలు, మూడు నాలుగు పోగులు కలిపి పురిపెట్టింది. అమ్మమ్మ పుట్టిల్లు పొందూరు, చేతి నూలుకు పేరుపడ్డ ఊరు. బట్టకూ దారానికీ కరువున్న యుద్ధం రోజుల్లో ఈ పని మొదలైంది. తొలి కాన్పుకు, అంటే మా అమ్మ పుట్టుకకు, పుట్టింటికి వెళ్ళింది. మిల్లు దారం అయిపోతే వాళ్ళమ్మ వడికిన నూలు తీసుకుని ఉంటుంది. కుండ మూతి, పక్షుల తలలు, పై రెండు మూలలు అన్నీ పొందూరు నూలే.

రెండో సంగతి ఆ మూలలదే. కింది రెండు మూలల్లో ఐదు గళ్ళ శిలువలున్నాయి. చిన్నప్పుడు మేం వాటిని కూడిక గుర్తులనుకునేవాళ్ళం. పై రెండు మూలల్లో శిలువ లేదు, వేరే బొమ్మ ఉంది. కింద రెండు వరుసల నిండు గళ్ళ పట్టీ, దాని మీద ఒక గడి విడిచి ఒక గడి నిలబడిన నాలుగు పళ్ళు, ఒక పక్క పట్టీ కొంచెం వంగి రెండు గళ్ళు కిందికి దిగుతుంది.

మా అక్క కూతురు ఫోను చేసి ఎగిరి గంతేసింది. "పిన్నీ, కింద శిలువ, పైన కిరీటం! శ్రమపడ్డవాళ్ళకు పైన కిరీటం దొరుకుతుందని చెప్పడం. ఎంత చక్కగా సరిపోయిందో చూడండి!"

చక్కగానే సరిపోయింది. కానీ నాకొక అనుమానం. కిరీటానికి రెండు పక్కలా సమానంగా ఉండాలి కదా, ఒక పక్కే ఎందుకు వంగింది? పోనీ రెండు మూలల్లోనూ అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా వంగాయా అంటే అదీ లేదు, రెండూ ఒకే వైపు వంగాయి. 2745 గళ్ళలో ఒక్క గడి అటూ ఇటూ పోనివ్వని మనిషి, ఈ రెండు మూలల్లోనే కుడి ఎడమలు వదిలేసిందంటే, ఆ వస్తువు ఆకారమే అలాంటిదై ఉండాలి. కాగితం చూసి వేసింది కాదు, వస్తువును చూసి వేసింది.

జూన్‌లో ఒక రోజు పొద్దున్నే పాసింజరు ఎక్కాను. చీపురుపల్లి, సిగడాం దాటి పొందూరు స్టేషనులో దిగి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళాను. అమ్మమ్మ చెల్లెలి కోడలు ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. నాకు అత్తయ్య వరస. భుజం నొప్పితో రాట్నం మానేసి చాలా కాలమైంది గానీ, రాట్నం మాత్రం కిటికీ దగ్గరే ఉంది. గుడ్డ తీసి మంచం మీద పరిచాను. ఆవిడ పక్షులను చూడలేదు, కుండను చూడలేదు. నేరుగా పై మూల మీద వేలు పెట్టి, "పెద్దత్త దవడ వేసిందే!" అన్నది.

పొందూరు నూలు సంగతి తెలిసినవాళ్ళకు ఇక చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ళకు: ఇక్కడ పత్తిని గింజ తీయకముందే, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడ మీద సన్నని పళ్ళుంటాయి. వాటితో దువ్వితే పత్తిలో చెత్త పోయి పోగులు బారుగా సర్దుకుంటాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకు చేసి ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని వడకడం. నూరో నంబరు నూలు, అంటే అతి సన్నని నూలు తీసే చేతులకు మొదటి పనిముట్టు ఆ చేప ఎముక.

అత్తయ్య లోపలికి వెళ్ళి చిన్న రేకు డబ్బా తెచ్చింది. అందులోంచి తీసిన ఎముక నా చూపుడు వేలంత పొడవు. వాడి వాడి పసుపుపచ్చగా నున్నబడింది. పళ్ళు కంటికి కనిపించడం కంటే వేలికి తగలడం ఎక్కువ, పిల్లి నాలుకలా గరగరలాడుతుంది. ఒక కొస లోపలికి వంగి ఉంది. దాన్ని గుడ్డ మూల మీద, అల్లిన బొమ్మ పక్కన పెట్టాం. పట్టీ సరిపోయింది, పళ్ళున్న అంచు సరిపోయింది. వంపు మాత్రం ఎదురు దిక్కుకు ఉంది.

అప్పటికే పక్కింటి పెద్దావిడ కూడా వచ్చి చేరింది. ఆవిడకు ఇది దవడంటే నచ్చలేదు. "పురిటింట్లో కూర్చుని ఎవరైనా చేప దవడ అల్లుతారా? అది దువ్వెన. పసుపు, కుంకుమ, అద్దం, దువ్వెన." అత్తయ్య ఊరుకోలేదు. "దువ్వెనకు వంకర కొస ఎందుకుంటుంది? గుడ్డ తిరగేసి చూడండి," అని తానే గుడ్డను తిప్పి పరిచింది.

తిప్పాక వంపు ఎముక వంపుతో కలిసింది. పక్షులు మారలేదు, కుండ మారలేదు. అద్దంలాంటి బొమ్మ కదా, ఎటు నుంచి చూసినా ఒకటే. పెద్దావిడ మాత్రం తగ్గలేదు. "చేపకు దవడకు రెండు పక్కలుంటాయి. కుడిదైతే ఇటు వంగుతుంది, ఎడమదైతే అటు వంగుతుంది. దీంతో ఏం తేలింది?" అన్నది. ఆ మాటకు లెక్కల టీచరునైన నా దగ్గర జవాబు లేదు. అత్తయ్య కూడా ఎముకను డబ్బాలో పెట్టి, టీ పెట్టడానికి లేచింది.

వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళాక, గుడ్డను కిటికీ వెలుతురులోకి పట్టుకున్నాను. గుడ్డకు ముందు ఏదో వెనక ఏదో తెలియాలంటే ఒక్కటే దారి, అల్లిన మనిషి దారం కొసలు ఎటు వైపు దాచిందో వెతకాలి. 28వ వరుస చివర, మిల్లు దారం అయిపోయి పొందూరు నూలు మొదలైన చోట, ఆ రెండు కొసలనూ కలిపి వేసిన బియ్యపు గింజంత ముడి కనిపించింది. అది అత్తయ్య తిప్పిన గుడ్డకు అడుగు వైపున ఉంది. అంటే అత్తయ్య పరిచిందే ముందు వైపు. నేను ఇన్నేళ్ళూ, వినాయకుడి పీట మీద కూడా, వెనక వైపు చూశాను.

కింది మూల చూశాను. ఇప్పుడది కుడి మూల అయింది. మూడు మధ్యాహ్నాలు కూర్చుని, భూతద్దం పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా దాచిన నా దారం కొసలు పద్దెనిమిదీ పై వైపున వరుసగా ఉన్నాయి.